నాలుగెకరాల బంగినపల్లి తోట: పూత మీదే గుత్తకు ఇవ్వాలా, కాయ మనమే అమ్ముకోవాలా?

జగిత్యాల_తోట | జనవరి 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాలుగెకరాల్లో 148 బంగినపల్లి చెట్లున్నాయి, నాటి ఇరవై ఏళ్లు దాటింది. నాన్న ఏటా పూత చూసి ఆ ఏటి కాపు మొత్తం ఒకే ధరకు గుత్తకు ఇచ్చేస్తాడు. ఆ తర్వాత మందు కొట్టేది, కాపలా ఉండేది, కోసేది అంతా గుత్తేదారే. నీళ్లు పెట్టడం తప్ప మాకు పనుండదు. పోయినేడు 1,50,000 వచ్చింది. ఈసారి పూత బాగుంది, 1,70,000 ఇస్తానంటున్నాడు.

నేను రెండేళ్లు హైదరాబాద్‌లో పనిచేసి ఇంటికి వచ్చేశాను. పోయిన మేలో చల్‌గల్ మార్కెట్‌కి వెళ్లి మా తోట కాయ ఎక్కుతున్న లారీ పక్కన నిలబడి చూశా. అవి ఢిల్లీకి పోతాయట, అక్కడ మన బంగినపల్లిని సఫేదా అంటారట. ఒక్కో ట్రేలో ఎన్ని కిలోలు, ఎన్ని ట్రేలు, కిలో ఎంత అని మనసులోనే లెక్క కట్టుకుంటూ ఇంటికొచ్చా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈసారి మనమే అమ్ముకుందాం అంటే నాన్న ఒప్పుకోవడం లేదు. "గాలివాన కొడితే ఎవరిస్తారురా?" అంటాడు. ఇంకో సంగతి, అక్క పెళ్లికి ఆ గుత్తేదారు దగ్గరే 60,000 తెచ్చాం. అది ఇంకా తీరలేదు. టెన్షన్‌గా ఉంది. సొంతంగా అమ్మినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మామిడి_అక్క_నూజివీడు | జనవరి 12, రాత్రి 10:25

తమ్ముడూ, ముందు ఆ అరవై వేల సంగతి చూడు. అప్పు ఆయన దగ్గర ఉన్నంతకాలం తోట పేరుకే మీది. ధర ఆయన చెప్పిందే. మా మామయ్య పదేళ్లు అలాగే ఇచ్చారు. చివరికి మా డ్వాక్రా సంఘంలో లోను తీసుకుని తీర్చాక గానీ, "ఈ ఏడు మేమే కోసుకుంటాం" అనే మాట మా నోట రాలేదు. మీ అమ్మగారికి సంఘం ఉందా?

మండీ_మనిషి | జనవరి 13, ఉదయం 7:05

నేను పదిహేడేళ్లుగా గుత్తలు పడుతున్నవాణ్ని, మండీలో కాయ అమ్మేవాణ్ని. మమ్మల్ని దొంగల్లా చూస్తారని తెలిసే రాస్తున్నా. తమ్ముడు లారీ దగ్గర వేసిన లెక్కలో సగమే ఉంది. పూత వచ్చాక తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఇప్పుడు కొత్తగా తామర పురుగు. వీటికి నాలుగైదు సార్లు మందు. రాత్రి కాపలా. కోత కూలీలు, బండి, హమాలీ. ఇవన్నీ పెట్టాక ధర పడిపోతే ఆ దెబ్బ నాదే. ఒక ఏప్రిల్‌లో వారం తేడాతో రెండు గాలివానలు కొట్టాయి. నేను పట్టిన మూడు తోటల్లో సగం కాయ నేల మీదే ఉంది. రైతులకు ఇచ్చిన డబ్బు ఒక్క రూపాయి వెనక్కి అడగలేదు.

మీ తోట మీరు అమ్ముకోండి, అది మీ హక్కు. కానీ ఆ దెబ్బకు ఓర్చుకునే శక్తి ఇంట్లో ఉందా అన్నది చూసుకుని దిగండి.

జగిత్యాల_తోట | జనవరి 13, ఉదయం 7:50

అన్నా, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించా. "ఈయన న్యాయంగా మాట్లాడాడు" అన్నాడు. అక్కా, అమ్మకు సంఘం ఉంది, ఇవాళే అడుగుతా అంది.

హార్టీ_పాతకాపు | జనవరి 13, మధ్యాహ్నం 2:15

ఉద్యాన శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. బాబూ, 148 చెట్లూ ఒకేసారి చేతిలోకి తీసుకోకు. మొదటి ఏడాది తప్పులు జరుగుతాయి, జరగాలి కూడా. బోరుకు దగ్గరగా, దారికి పక్కగా, మరీ ఎత్తు పెరగని చెట్లు ఒక ముప్పై నలభై ఎంచుకో. మిగతావి ఈ ఏటికి గుత్తకే వదిలేయి. మీ నాన్నగారికి ధైర్యంగా ఉంటుంది, నీకు నేర్చుకోవడానికి చోటుంటుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతా. పూత విచ్చుకుని ఉండగా పురుగుమందు కొట్టకు. మామిడి పూతకు ఈగలు, తేనెటీగలు వస్తేనే పిందె కడుతుంది. పూత విచ్చకముందు ఒకసారి, పిందె బఠాణీ గింజంత అయ్యాక ఒకసారి, అదీ పురుగు కనిపిస్తేనే. పూతకు ముందు నీళ్లు ఆపి బెట్టకు వదిలిన తోటకు ఒక్కసారిగా నీళ్లు నిండా పెట్టకు, పిందె కట్టాక కొద్దికొద్దిగా పెంచుతూ పో. మార్చి నుంచి తడి తప్పనివ్వకు. కాయ బరువు పెరిగేది అప్పుడే.

కోడిగుడ్డంత అయ్యాక కాయకు కాగితం కవరు కట్టే సంగతి మార్చిలో మాట్లాడుకుందాం. నాకు గుర్తు చెయ్యి.

చిత్తూరు_తోతాపురి | జనవరి 13, రాత్రి 8:30

మీది తినే కాయ కాబట్టి ఈ మాటలన్నీ నడుస్తున్నాయి. మాది తోతాపురి, గుజ్జు ఫ్యాక్టరీ కొనకపోతే దాన్ని అడిగేవాడే లేడు. 2025 జూన్‌లో మా దగ్గర ఏమైందో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు నిల్వ ఉండిపోయిందని కొనుగోలు తగ్గించారు. ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు తీరాయి. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ప్రకటించింది, ఫ్యాక్టరీ ఇచ్చేది 8, సర్కారు ఇచ్చేది 4. టోకెన్ కోసం తిరగడం, బండి వంతు కోసం రెండు రాత్రులు రోడ్డు పక్కన పడుకోవడం, ఈలోపు కింది వరస కాయ మెత్తబడి రసం కారడం, ఇవన్నీ నేను పడ్డాను.

తమ్ముడికి నేను చెప్పేది ఒకటే. కొనేవాడు ఒక్కడే ఉన్న పంటలో ఎంత బాగా పండించినా ధర మన చేతిలో ఉండదు. నీ కాయకు మార్కెట్ ఉంది, హైదరాబాద్ ఉంది, ఇంటింటికీ అమ్మే వీలుంది. అది చిన్న సంగతి కాదు. నేను ఈ ఏడు 30 తోతాపురి చెట్ల తలలు కోయించి, కొత్త చిగుళ్ల మీద వేరే రకం అంట్లు కట్టిస్తున్నా. కాపు చూడటానికి మూడేళ్లు పడుతుంది.

కొల్లాపూర్_సంఘం | జనవరి 14, ఉదయం 11:20

ఒంటరిగా 40 చెట్ల కాయ అమ్మడం కుదురుతుంది. వంద దాటితే నలుగురూ కలవాల్సిందే. అందుకే మా ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం) కథ చెబుతా, ఎందుకంటే మేము మొదటి ఏడు దెబ్బతిన్నాం.

2020లో కేంద్రం పదివేల ఎఫ్‌పీఓల స్కీమ్ తెచ్చింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. మూడేళ్ల నిర్వహణకు 18 లక్షల దాకా, సభ్యుడు కట్టిన వాటాకు సమానంగా ఒక్కొక్కరికి 2,000 దాకా గ్రాంటు ఇస్తారు. మేం సభ్యుల్ని చేర్చాం, ఆఫీసు తెరిచాం, తూకం మిషన్ కొన్నాం. మొదటి రోజు రైతులు సంతోషంగా కాయ తెచ్చారు. "కాయ అమ్ముడుపోయాక ఎనిమిది రోజుల్లో డబ్బు" అన్నాం. రెండో రోజు సగం మంది రాలేదు. మూడో రోజు ఎవరూ రాలేదు.

తప్పు వాళ్లది కాదు. కోత కూలీకి సాయంత్రానికే డబ్బివ్వాలి. వ్యాపారి ధర రెండు రూపాయలు తక్కువైనా చేతిలో నోటు పెడతాడు. మా దగ్గర తూకం మిషన్ ఉంది, కాటా దగ్గర ఇవ్వడానికి నగదు లేదు. మరుసటి ఏడు ఆఫీసు ఖర్చు తగ్గించి, బ్యాంకు నుంచి కొంత తెచ్చి, తూకం వేసిన చోటే సగం ఇచ్చాం. అప్పుడు నిలబడ్డాం. సంఘం పెట్టేవాళ్లు బోర్డు, బిల్డింగ్ కంటే ముందు ఆ సగం డబ్బు సంగతి చూసుకోండి.

మామిడి_అక్క_నూజివీడు | జనవరి 14, మధ్యాహ్నం 3:40

ఇది నిజం. మేం మొదటిసారి సొంతంగా మార్కెట్‌కు వెళ్లిన రోజు చెబుతా, పేరు వద్దులే. బండిలో 14 క్వింటాళ్లు వేసుకుని తెల్లారుజామున చేరాం. పెద్ద కాయ, చిన్న కాయ, మచ్చ కాయ అన్నీ కలిపి పోసి ఉన్నాయి, గ్రేడింగ్ చేయాలని మాకు తెలియదు. కొనేవాళ్లు ఇద్దరొచ్చారు. నా ఎదురుగానే తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లతో ధర మాట్లాడుకున్నారు. ఎంతకు పోయిందని అడిగితే "చీటీలో వస్తుందమ్మా" అన్నారు. చీటీలో చూస్తే క్వింటాకు ఐదు కిలోలు తరుగు, ఆ పైన కమీషన్, హమాలీ, గడ్డి ఖర్చు. ఇంటికొచ్చాక మామయ్య ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

తర్వాతి ఏడు మూడు సైజులు చేసి ట్రేల్లో సర్దుకుని తీసుకెళ్లాం. మచ్చ కాయ అసలు తీసుకెళ్లలేదు. అదే మార్కెట్, అదే మనుషులు. పెద్ద కాయకు పాట గట్టిగా పలికింది, తరుగు మాట ఎత్తలేదు. కలిపి పోసిన కుప్పలో కొనేవాడికి చెడ్డ కాయే ముందు కనిపిస్తుంది తమ్ముడూ, ధర దానికే కడతాడు.

మండీ_మనిషి | జనవరి 14, సాయంత్రం 6:10

అక్క చెప్పింది అక్షరాలా నిజం. తరుగు గురించి నేనేమీ సమర్థించను, మా వాళ్లలో అది ఉంది. ఒక్క మాట. కాటా దగ్గర మీ మనిషి ఒకరు నిలబడి ప్రతి ట్రే బరువు నోట్‌బుక్‌లో రాసుకోండి. రాసుకునేవాడు ఉన్నచోట ఎవరూ చేతివాటం చూపరు. తక్ పట్టీ (తూకం, ధర, కోతలు రాసిచ్చే చీటీ) తీసుకోకుండా బండి ఎక్కకండి. కమీషన్ ఎంతో మార్కెట్ కమిటీ బోర్డు మీద ఉంటుంది, చూసుకోండి.

జగిత్యాల_తోట | ఫిబ్రవరి 2, రాత్రి 9:15

అప్‌డేట్. అమ్మ సంఘంలో లోను వచ్చింది. గుత్తేదారుకు అరవై వేలూ తీర్చేశాం. ఆయన కాసేపు మౌనంగా ఉన్నాడు, తర్వాత టీ తాగి వెళ్లాడు. 110 చెట్లు 1,15,000కు ఆయనే తీసుకున్నాడు. బోరు పక్క 38 చెట్లు మావి. నాన్న రోజూ సాయంత్రం వాటి కిందే కూర్చుంటున్నాడు.

ఉప్పల్_గృహిణి | ఫిబ్రవరి 3, ఉదయం 10:00

మేం ఉప్పల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, 72 ఇళ్లు. ప్రతి ఎండాకాలం ఇదే గోల. పైకి పసుపుపచ్చగా మెరిసిపోతుంది, కోస్తే లోపల తెల్లగా, పుల్లగా ఉంటుంది. పిల్లలకు పెట్టాలంటే భయం. మీ కాయ కార్బైడ్ పొడితో మాగబెట్టకుండా వస్తుందంటే మా వాట్సాప్ గ్రూపులో పెడతాను. మాకు అయిదు కిలోల పెట్టె అయితే బాగుంటుంది. శుక్రవారానికి అందితే మేలు.

హార్టీ_పాతకాపు | ఫిబ్రవరి 3, సాయంత్రం 5:30

అమ్మా, మీరు చెప్పిన పుల్లదనానికి అసలు కారణం చాలాసార్లు లేత కాయ కోయడమే. సీజన్ మొదట్లో ధర బాగుంటుందని ముదరకముందే కోస్తారు. లేత కాయకు ఏం పెట్టినా రంగు వస్తుంది గానీ తీపి రాదు.

ఇక కార్బైడ్. దానికి తేమ తగిలితే అసిటిలీన్ వాయువు వస్తుంది, అది కాయను పండేలా చేస్తుంది. పరిశ్రమల్లో వాడే ఆ పొడిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అవశేషాలు ఉంటాయి. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనే పండ్లు మాగబెట్టడానికి దాన్ని నిషేధించారు. ఇథిలిన్ వేరు. కాయ పండేటప్పుడు తనంతట తానే విడుదల చేసే వాయువు అది. గదిలో 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దాకా పెట్టడానికి అనుమతి ఉంది. ఇథిలిన్ ఇచ్చే చిన్న ప్యాకెట్లూ వస్తున్నాయి, అవి కాయకు నేరుగా తగలకుండా పెట్టాలి. ఇథిలిన్ అనగానే విషం అనుకోవద్దు.

చిన్న రైతుకు గది అక్కర్లేదు. వరిగడ్డి పరిచి, తొడిమ కిందికి ఉండేలా కాయలు ఒక వరస పేర్చి, మళ్లీ గడ్డి. ముదురు కాయ అయితే వారంలో మాగుతుంది. ఇంకా మేలైన పద్ధతి, గట్టి కాయే పంపి వాళ్ల ఇంట్లోనే మాగబెట్టుకోమనడం. దారిలో నలగదు.

న్యూజెర్సీ_తెలుగు | ఫిబ్రవరి 4, ఉదయం 6:45

ఇక్కడ మే, జూన్‌లో ఇండియా మామిడి విమానంలో వస్తుంది. మూడు కిలోల పైచిలుకు డబ్బా నలభై డాలర్లు దాటుతుంది, అయినా క్యూ కడతాం. తమ్ముడు నేరుగా ఇక్కడికి పంపే వీలుందా?

హార్టీ_పాతకాపు | ఫిబ్రవరి 4, ఉదయం 9:10

ఇప్పుడే వద్దు. 2007లో అమెరికా మన మామిడిని అనుమతించింది, కానీ రేడియేషన్ శుద్ధి చేయించి, వాళ్ల తనిఖీ పూర్తయ్యాకే. యూరప్ వాళ్లు 2014 మేలో పండు ఈగ దొరికిందని మన మామిడిని ఆపేసి, మళ్లీ 2015 జనవరిలో గానీ తెరవలేదు. ఆ దారిలో పండు ఈగ ఒక్కటి కనిపించినా కథ ముగిసినట్టే. 38 చెట్లతో అక్కడికి వెళ్లలేం. కానీ ఈగ పని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మగ ఈగలను లాగే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు ఎకరాకు నాలుగైదు వేలాడదీయి. రాలిన కాయ ఏ రోజుకారోజు ఏరి లోతుగా పూడ్చు. పురుగు పిల్లలు ఆ రాలిన కాయలోంచే నేలలోకి దిగి మళ్లీ ఈగలై లేస్తాయి.

జగిత్యాల_తోట | మార్చి 21, రాత్రి 8:55

సార్, గుర్తు చేయమన్నారుగా. కాయలు కోడిగుడ్డంత అయ్యాయి. కవర్లు ఒక్కోటి రెండు రూపాయలు పడుతున్నాయి. కట్టడానికి కూలీ వేరు. అన్నిటికీ కట్టాలా?

హార్టీ_పాతకాపు | మార్చి 21, రాత్రి 9:30

వద్దు. బంగినపల్లి కిలోకు మూడు కాయల లోపే తూగుతుంది. కవరు, కూలీ కలిపితే కిలో మీద పది రూపాయల పైనే పడుతుంది. మండీకి వెళ్లే కాయకు ఆ ఖర్చు తిరిగి రాదు. ఉప్పల్ అమ్మగారి పెట్టెల్లోకి వెళ్లే కాయకు వస్తుంది. అందుకని చేతికి అందే ఎత్తులో ఉన్న మంచి కాయలు 1,500 చాలు. కట్టే ముందు తెగులు మందు ఒకసారి కొట్టి, ఆరనిచ్చి కట్టు. తొడిమ దగ్గర తీగ బిగించు, కాయ మీద కాదు. లోపలికి ఈగ పోదు, మచ్చ పడదు, రంగు ఒకేలా వస్తుంది. హార్టికల్చర్ ఆఫీసులో కవర్లకు సబ్సిడీ ఉందేమో అడిగి చూడు.

జగిత్యాల_తోట | ఏప్రిల్ 19, రాత్రి 11:10

ఇవాళ సాయంత్రం నాలుగున్నరకు గాలి లేచింది. ఇరవై నిమిషాలే. అమ్మ, నేను, నాన్న ముగ్గురం వసారాలో నిలబడి చప్పుడు వింటూ ఉన్నాం. టప్ టప్ అని కాయలు పడుతున్న చప్పుడు. గాలి ఆగాక టార్చ్‌లైట్ పట్టుకుని వెళ్లి ఏరితే మూడు క్వింటాళ్లు. కవరు కట్టినవి చాలావరకు చెట్టుకే ఉన్నాయి, కింది కొమ్మలు కదా.

మండీ_మనిషి | ఏప్రిల్ 19, రాత్రి 11:30

బాధపడకు తమ్ముడూ. రాలిన కాయ తెల్లారేసరికి బండి ఎక్కించు, పచ్చడి కాయగా పోతుంది. ఏడెనిమిది రూపాయలు వస్తాయి. ఎల్లుండికి అవీ రావు. నా రెండు తోటలూ పడ్డాయి ఇవాళ.

మామిడి_అక్క_నూజివీడు | ఏప్రిల్ 20, ఉదయం 6:00

నాన్నగారు ఎలా ఉన్నారు?

జగిత్యాల_తోట | ఏప్రిల్ 20, ఉదయం 6:40

అక్కా, ఆయనే పొద్దున్నే లేచి బండి మాట్లాడి వచ్చాడు. కిలో 8 చొప్పున పోయాయి.

ఉప్పల్_గృహిణి | మే 1, సాయంత్రం 4:20

బాబూ, నొప్పించాలని కాదు. ఏప్రిల్ 24న మీరు పంపిన 12 పెట్టెల్లో అయిదుగురు ఫిర్యాదు చేశారు. వారం గడిచినా పండలేదు, తొక్క ముడతలు పడింది. మా ఇంట్లోదీ అంతే. కోస్తే పుల్లగా ఉంది.

జగిత్యాల_తోట | మే 1, సాయంత్రం 5:05

అమ్మా, తప్పు నాదే. గాలికి భయపడి, పైగా ధర బాగుందని తొందరపడి కోశాను. అయిదుగురికీ డబ్బు వెనక్కి పంపేశాను, మొత్తం 2,750. మిగతావాళ్లకు ఎలా ఉందో కూడా కనుక్కుని చెప్పండి.

హార్టీ_పాతకాపు | మే 1, సాయంత్రం 6:45

డబ్బు వెనక్కి ఇవ్వడం మంచి పని చేశావు. ఇప్పుడు ఒక బకెట్ నిండా నీళ్లు తెచ్చుకో. చెట్టుకు నాలుగు వైపుల నుంచి నాలుగు కాయలు కోసి అందులో వెయ్యి. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ఇంకా చూడాలంటే తొడిమ దగ్గర భుజాలు తొడిమ కంటే ఎత్తుగా లేస్తాయి, కాయ చెంపలు నిండుతాయి. ఒక కాయ కోసి చూస్తే టెంక గట్టిపడి, దాని చుట్టూ గుజ్జు లేత పసుపులోకి తిరుగుతూ ఉంటుంది. ఒకే చెట్టు మీద పూత రెండు మూడు దఫాలుగా వస్తుంది కాబట్టి కాయ కూడా ఒకేసారి ముదరదు. రెండు మూడు కోతలుగా కొయ్యి.

జగిత్యాల_తోట | మే 3, రాత్రి 10:00

సార్, బకెట్‌లో వేశాం. తూర్పు వైపువి మునిగాయి, లోపలి నీడ కొమ్మలవి రెండు తేలాయి. అమ్మ ఆ రెండింటినీ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "చూపుకు ఒక్కతీరుగానే ఉన్నాయి కదరా" అంది.

సొన గురించి కూడా ఎవరూ చెప్పలేదు, ఇవాళే తెలిసింది. చిక్కంతో (కర్రకు కట్టిన వల) లాగితే తొడిమ విరిగి సొన చిమ్ముతుంది, కాయ మీద చారగా పారుతుంది. నా మణికట్టు మీద పడిన చుక్క సాయంత్రానికి కాలినట్టు నల్లగా అయింది. కాయ తొక్క మీదా అదే జరుగుతుందన్నమాట, పండాక ఆ చారలే నల్ల మరకలవుతాయి. పోయినసారి పెట్టెల్లో అవీ ఉన్నాయి. ఇవాళ నుంచి కత్తెరతో నాలుగు వేళ్ల తొడిమ ఉంచి కోసి, నీడలోకి తెచ్చాక తొడిమ కత్తిరించి, వెదురు తడకల మీద తల్లకిందులుగా పెడుతున్నాం. అరగంటలో సొన అంతా కిందికి కారిపోతోంది. తర్వాత నీళ్లలో కడిగి, తుడిచి, పేపరు వేసిన ట్రేలో ఒక్కొక్కటిగా సర్దుతున్నాం. అక్కడ నాన్నను మించినవాళ్లు లేరు. పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెడతాడు.

కొల్లాపూర్_సంఘం | మే 4, ఉదయం 8:15

పొద్దున తొమ్మిదిన్నర దాటాక కోత ఆపేయండి. ఎండకు వేడెక్కిన కాయ ట్రేలో పెడితే మధ్యలో ఉడికిపోతుంది. కోల్డ్ స్టోరేజీ అని ఎవరైనా అంటే మామిడికి 12, 13 డిగ్రీల కంటే కిందికి దించొద్దని చెప్పండి, తొక్క నల్లబడి ఇక మాగదు. మచ్చ తెగులు భయం ఉంటే 52 డిగ్రీల వేడి నీళ్లలో పది నిమిషాలు ముంచి ఆరబెట్టండి. థర్మామీటర్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

జగిత్యాల_తోట | మే 29, రాత్రి 9:20

కోత అయిపోయింది. లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తుందని.

38 చెట్లకు అన్నీ కలిపి 2,640 కిలోలు. కవరు కాయ 450 కిలోలు, అయిదు కిలోల పెట్టెలు 90, ఒక్కోటి 550 చొప్పున 49,500. చల్‌గల్‌లో మొదటి రకం 900 కిలోలు 42 రూపాయలకు, రెండో రకం 860 కిలోలు 28 రూపాయలకు, రెండూ కలిపి 61,880. గాలికి రాలినవి 2,400. ఇంట్లోకి, చుట్టాలకు, పాడైనవి, వెనక్కి డబ్బిచ్చినవి కలిపి 130 కిలోలు. మొత్తం చేతికి వచ్చింది 1,13,780.

ఖర్చు: మందులు, కొట్టిన కూలీ 14,500. కవర్లు, కట్టిన కూలీ 6,200. కోత కూలీ 9,000. పాత ట్రేలు 60 కొన్నాం, 9,000. అట్టపెట్టెలు 3,150. ఆర్టీసీ కార్గో 5,400. మార్కెట్‌కు బండి 7,500. కమీషన్, హమాలీ 4,300. మొత్తం 59,050.

మిగిలింది 54,730. ఆ 38 చెట్లూ గుత్తకు ఇచ్చి ఉంటే, ఆయన మొదట అడిగిన 1,70,000 లెక్కన 43,600 వచ్చేవి.

మండీ_మనిషి | మే 29, రాత్రి 9:50

తమ్ముడూ, లెక్క దాచకుండా పెట్టావు, సంతోషం. కానీ మీ ముగ్గురి కూలీ అందులో లేదు. అది వేస్తే పదకొండు వేల తేడా నిలవదు.

జగిత్యాల_తోట | మే 29, రాత్రి 10:20

నిజమే అన్నా, వేయలేదు. వేస్తే ఈ ఏటికి దాదాపు సమానమే. ట్రేలు ఇంకో మూడు నాలుగేళ్లు వస్తాయి. మొదటి పెట్టెలు చెడకపోతే, గాలి రాకపోతే ఇంకొంచెం మిగిలేది. అసలు తేడా వేరేచోట కనిపించింది. ఒకే రోజు, ఒకే తోట, మొదటి రకం 42, రెండో రకం 28. రెండో రకంలో సగానికి పైగా తొక్క మీద మచ్చ, సొన మరక, కోతలో తగిలిన దెబ్బ. లోపల గుజ్జు ఒక్కటే. ఆ పద్నాలుగు రూపాయలు మా చేతుల్లోనే పోయాయి, దానికి ఇంకెవరినీ అనడానికి లేదు.

మామిడి_అక్క_నూజివీడు | మే 30, ఉదయం 7:00

నాన్నగారు ఏమన్నారు?

జగిత్యాల_తోట | మే 30, ఉదయం 7:25

నిన్న రాత్రి లెక్క చదివి వినిపిస్తే ఏమీ అనలేదు అక్కా. పొద్దున్నే తోటలోకి వెళ్లి చెట్లు లెక్కపెట్టి వచ్చాడు. "వచ్చే ఏడు దారి పక్క ముప్పై కూడా మనకే ఉంచుదాం" అన్నాడు. పక్క తోట బాబాయి కూడా తన ఇరవై చెట్లు మాతో కలుపుతానంటున్నాడు, ఆయన కాయకు తూకం వేసిన రోజే సగం ఇవ్వాలి. కొల్లాపూర్ అన్నా, ఆ డబ్బు మీరు బ్యాంకు నుంచి ఏ పద్ధతిలో తెచ్చారో వివరంగా చెబుతారా?

ఉప్పల్_గృహిణి | మే 30, ఉదయం 9:40

మే 8 తర్వాత వచ్చిన పెట్టెలన్నీ బాగున్నాయి. మా అత్తగారు టెంక చీకుతూ "మా ఊరి పండులా ఉంది" అన్నారు. వచ్చే ఏడాదికి 41 ఇళ్లవాళ్లు ఇప్పుడే పేర్లిచ్చారు. మొదటిసారి ఫిర్యాదు చేసిన అయిదుగురిలో నలుగురు కూడా ఉన్నారు.

హార్టీ_పాతకాపు | మే 30, సాయంత్రం 6:00

బాబూ, వచ్చే ఏటి కాపు పని ఇప్పుడే మొదలవుతుంది. తొలకరి పడ్డాక జూలై లోపు కత్తిరింపులు అయిపోవాలి. ఎండుకొమ్మలు, ఒకదాని మీదొకటి పడ్డ కొమ్మలు, నడిమధ్య నిటారుగా లేచినవి తీసేయించు. చెట్టు లోపలికి ఎండ పడాలి. బకెట్‌లో తేలిన కాయలు నీడ కొమ్మలవే అన్నావు గుర్తుందా? కోసిన చోట తెగులు రాకుండా బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపింది) పూయడం మరవకు. తర్వాత చెట్టు వయసుకు తగ్గట్టు పశువుల ఎరువు, ఎరువులు.

జగిత్యాల_తోట | మే 30, రాత్రి 8:30

సరే సార్. ట్రేలు కడిగి ఆరబెట్టాం, చూరు కింద పేర్చాం. చెట్టెక్కి రంపంతో చక్కగా కత్తిరించే మనిషి జగిత్యాల, కోరుట్ల వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి. జూన్ మూడో వారానికి 68 చెట్లు.